ఊరికే ఇచ్చినవాడు ఎవరికి జవాబుదారీ?

శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పేరుతో ఒక యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా అక్షరాలు ఒకేలా గుర్తించే పద్ధతి) తెలుగు ఫాంటు ఉంది. విజయనగరం గురజాడ పేరుతో ఇంకొకటి ఉంది. సిలికానాంధ్ర విడుదల చేసిన ఈ రెండింటినీ గూగుల్ ఫాంట్స్ నుంచి ఎవరైనా పైసా కట్టకుండా దించుకోవచ్చు, పోస్టరు వేసుకోవచ్చు, ఓపికుంటే అక్షరాల రూపు కూడా మార్చుకోవచ్చు. వాటితోపాటు వచ్చే లైసెన్సు చివర పెద్దక్షరాల్లో ఒక పేరా ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏ హామీ లేదు అని దాని సారాంశం. కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఇలాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్లకీ వాడేవాళ్లకీ మధ్య గొడవలన్నీ తిరిగి తిరిగి ఆ పేరా దగ్గరికే వస్తాయి.

సిరిమానోత్సవం దగ్గర పడితే విజయనగరం ఫ్లెక్సీ షాపుల్లో ఊపిరాడదు. డీటీపీ చేసే కుర్రాడు ఫోటోషాప్‌లో గురజాడ ఫాంటు పెట్టి ‘అమ్మవారి’ అని కొడతాడు. మ కింద ఒత్తు రావాల్సింది పోయి, పొల్లుతో ఒక మ, పక్కన ఇంకో మ వస్తాయి. “ఈ ఫాంటు పనికిరాదండీ, అనూయే నయం” అని, యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లను తలుచుకుని తేల్చేస్తాడు. నిజానికి పాత ఫోటోషాప్ వెర్షన్లలో దక్షిణాసియా లిపుల సెట్టింగ్ ఎంచుకోకపోతే ఒత్తులు కలవవు. పాత పేజ్‌మేకర్‌కైతే యూనికోడ్ అంటేనే తెలియదు. అయినా తిట్లు ఫాంటు చేసినవాళ్లకే. అలాగని ఆ కుర్రాణ్ణి తప్పుపట్టలేను. రాత్రికల్లా ఫ్లెక్సీ చేతికివ్వాల్సినవాడు లైసెన్సు చదువుతూ కూర్చోడు కదా.

మొదట్లో రాసేవాళ్లు వేరు, వాడేవాళ్లు వేరు అన్న ఈ తేడా లేదు. 1983లో అమెరికా ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్, అందరూ స్వేచ్ఛగా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించేనాటికి రాసేవాళ్లూ వాడేవాళ్లూ దాదాపు ఒకే గుంపు. ల్యాబ్‌లోని ప్రింటర్ ప్రోగ్రాము సోర్స్ కోడ్ (మనుషులు రాసిన అసలు ప్రతి) తనకు దక్కకపోవడం ఆయన కోపానికి ఒక కారణం. కోడ్ చేతికిస్తే చాలు, బాగు మేమే చేసుకుంటాం అన్నది ఆనాటి కోరిక. అందుకే గ్నూ కోసం రాసిన 1989 నాటి జీపీఎల్ లైసెన్సులో ‘హామీ లేదు’ అని రాసినా ఎవరికీ అన్యాయం అనిపించలేదు. 1998లో ఓపెన్ సోర్స్ అన్న పేరొచ్చింది, కంపెనీలు దిగాయి. 2008లో కోడ్ పెట్టుకుని పంచుకునే గిట్‌హబ్ వెబ్‌సైటు వచ్చాక ఫిర్యాదు పెట్టడం ఒక బటన్ నొక్కినంత తేలికైపోయింది. వాడేవాళ్లు కోట్లలోకి వెళ్లారు. కోడ్ చూసుకునేది మాత్రం చాలాచోట్ల ఒకరో ఇద్దరో.

ఎంత తక్కువమందో 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు లోకానికి తెలిసింది. ఆ లోపం ఉన్నది వెబ్‌సైట్లకు మనం పంపే పాస్‌వర్డులను దాచిపెట్టే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో. దాని మీద పూర్తి సమయం పనిచేసేది ఒక్కరే, ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్ల దరిదాపుల్లో. ఆ తర్వాత డబ్బు కొంత కదిలింది. మన దేశంలో షేర్ల బ్రోకింగ్ కంపెనీ జెరోధా ఇలాంటి ప్రాజెక్టుల కోసం 2024లో ఏడాదికి 10 లక్షల డాలర్లతో ఒక నిధి పెట్టింది. ఒక్కో ప్రాజెక్టుకు గరిష్ఠంగా లక్ష డాలర్లు. మంచిదే, కానీ డబ్బుతో తీరని విసుగు ఇంకొకటి ఉంది.

2020 అక్టోబరులో అది బాగా కనబడింది. ఓపెన్ సోర్స్‌లో చేయి వేయమని ఏటా అక్టోబరులో జరిపే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, ఎవరి ప్రాజెక్టులకైనా నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చేవారు. ఇంకేముంది, వర్ణన ఫైల్లో ‘అద్భుతమైన ప్రాజెక్టు’ అన్న ముక్క చేర్చి పంపే మార్పులు వరదలా వచ్చిపడ్డాయి. మన దేశపు విద్యార్థులు చూసిన ఒక వీడియో కూడా ఇందుకు కారణమైంది. తట్టుకోలేక నిర్వాహకులు పండగ మధ్యలోనే నిబంధన మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేశారు. రిజ్యూమెలో గిట్‌హబ్ లింకు పెట్టమన్న సలహా రాజాం, ఎచ్చెర్ల, చింతలవలస కాలేజీల పిల్లల దాకా వచ్చిన కాలం ఇది. టీషర్టుకి ఆశపడిన పిల్లల మీద నాకు పెద్ద కోపం లేదు. ప్రతి చెత్త మార్పునూ తెరిచి, చదివి, మూసేయాల్సిన మనిషి సాయంత్రాల సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు.

విసుగు కోడ్ చూసుకునేవాళ్ల వైపు నుంచీ హద్దు దాటింది. పెద్ద కంపెనీలకు ఇక ఊరికే పని చేసిపెట్టనన్న ఒకాయన 2022 జనవరిలో కలర్స్, ఫేకర్ అనే తన లైబ్రరీలను (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ముక్కలను) తానే చెడగొట్టాడు. వాటిని నమ్ముకున్న ప్రోగ్రాములు ఆగిపోయాయి. హామీ లేదన్న పేరా ప్రకారం అతణ్ణి అడిగే హక్కు ఎవరికీ లేదు. ఆ పేరా చూపించి నమ్మకద్రోహం చేయవచ్చా అంటే, నేనైతే ఒప్పుకోను.

అన్నిటికన్నా భయపెట్టేది ఎక్స్‌జెడ్ ఉదంతం. ఫైళ్లను కుదించే ఈ చిన్న సాఫ్ట్‌వేర్, లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థ మీద నడిచే సర్వర్లలో దాదాపు అన్నిటా ఉంటుంది. ఏళ్లుగా దాన్ని చూసుకున్నది లాసె కొలిన్. 2022లో కొత్త పేర్లతో కొందరు వెంటపడ్డారు: పని నత్తనడక నడుస్తోంది, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించు అని. చాలాకాలంగా మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది జీతం లేని సరదా పని అనీ ఆయన జవాబిచ్చాడు. అయినా ఒత్తిడి ఆగలేదు. ఆ పేర్లు నకిలీవని తర్వాత గట్టి అనుమానం వచ్చింది. ఓపిగ్గా సాయపడుతున్న ‘జియా టాన్’ అనే పేరుకు చివరికి అధికారాలు దక్కాయి. 2024లో ఆ పేరుతోనే కోడ్‌లోకి దొంగదారి చేరింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వి చూడబట్టి మార్చి 29న అది బయటపడింది.

మే నెలాఖరున ఆ దొంగదారి తీసేసి 5.6.2 వెర్షన్ విడుదల చేసింది మళ్లీ లాసె కొలినే.