ఎల్‌కేజీ పిల్లలకు గడియారంతో పనేంటి?

నాలుగేళ్ల పిల్లకి "ఐదు నిమిషాలు ఆగమ్మా" అని చెప్పడం దండగ. మన ఐదు నిమిషాలు కూడా నికార్సయినవేం కాదు, ఫోన్ చూసుకుంటూ అరగంట చేస్తాం, అది వేరే సంగతి. అసలు నిమిషమనే కొలతే ఆ వయసులో బుర్రకెక్కదు.

అలాగని పిల్లలకు కాలమే తెలియదనుకోకండి. ఒక బొమ్మ ఆడిన సేపు ఇంకోసారికి రెట్టింపైతే ఆరు నెలల పాప కూడా ఆ తేడా పసిగడుతుంది. చిక్కల్లా ఆ 'సేపు'ని దూరం, వేగం లాంటి వాటి నుంచి విడదీయడంలోనే. స్విస్ మనస్తత్వవేత్త జీన్ పియాజే 1946లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. ఆయన ప్రయోగాల్లో రెండు బొమ్మలు ఒకేసారి బయల్దేరి ఒకేసారి ఆగుతాయి, కాకపోతే ఒకటి జోరుగా పోయి ముందుకెళ్తుంది; ఏది ఎక్కువసేపు నడిచిందంటే, చిన్నపిల్లలు దూరం వెళ్లినదాన్నే చూపించారు. 2017లో కేథరిన్ టిల్‌మన్ బృందం అమెరికా పిల్లల్లో గమనించింది కూడా ఇలాంటిదే. 'నిన్న' అంటే అయిపోయిన రోజని నాలుగేళ్లకు చాలామందికి తెలుస్తుంది గానీ, అది ఎంత వెనక ఉందో తెలియడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది.

దేని తర్వాత ఏదొస్తుందో మాత్రం వీళ్లకి భలే తెలుసు. స్నానం, ఇడ్లీ, బూట్లు, స్కూల్ ఆటో. ఇందులో ఒకటి తప్పిస్తే ఊరుకుంటారేమో చూడండి!

ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఏదో ఒక ఎల్‌కేజీ క్లాసుకి వెళ్లండి. గోడ మీద పీరియడ్ల టైమ్‌టేబుల్ ఉంటుంది, అది చదవగలిగేది టీచరొక్కరే. బంకమట్టితో పాము చేస్తున్నవాడు తల పెట్టేలోపు బెల్లు కొడతారు, వాడు ఏడిస్తే మొండితనం అంటారు. లంచ్ బాక్సులన్నీ కళ్లెదుటే వరసగా పేర్చి, చేతులు కట్టుకుని కూర్చోమంటారు. 1970 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ నర్సరీ పిల్లల ముందు తినుబండారం పెట్టి, ఆగితే ఇంకా మంచిది ఇస్తామన్నప్పుడు తేలిందేమిటంటే, అది కనబడుతుంటే త్వరగా చేతులెత్తేస్తారు, కనబడకుండా దాచినా, మనసు వేరే సరదా మీదకి మళ్లించినా చాలాసేపు ఆగుతారు. అంటే ఆ బాక్సులు బీరువాలో పెట్టి నాలుగు పాటలు పాడిస్తే సగం గోల తగ్గుతుంది, దీనికి ఖర్చు కూడా లేదు.

టైమ్‌టేబుల్ బదులు బొమ్మలు అంటించొచ్చు: ప్రార్థన, మట్టి ఆట, అన్నం, నిద్ర, ఆటో. అయిన బొమ్మని పిల్లలే తిప్పేస్తారు. "అమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడిగితే "మూడున్నరకి" అనే కంటే "నిద్ర లేచి, పాలు తాగి, కథ విన్నాక" అనాలి, కథ అయ్యాక వచ్చి తీరాలి కూడా. యాన్యువల్ డే రిహార్సల్స్ రోజుల్లో ఈ వరసంతా ఎలాగూ తారుమారవుతుంది కాబట్టి, ఆ సంగతి పొద్దున్నే, బొమ్మలు మార్చి పెట్టి మరీ చెప్పాలి.