చెరువులో చేపలు తేలితే మందు కలిపినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏటా మృగశిర కార్తె వచ్చిందంటే మా ల్యాబ్‌కు ఒకటే రకం ఫోన్లు. "సార్, చెరువుల ఎవరో మందు కలిపిండ్రు, తెల్లారేసరికి చేపలన్నీ తేలినయ్, టెస్టు చేసి రాసియ్యుండ్రి." మధ్యాహ్నానికి కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టుకుని వస్తారు. అప్పు తెచ్చి చేపపిల్లలు వదిలినవాళ్లు, కార్తెకు రేటొస్తుందని పట్టకుండా ఆగినవాళ్లు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఇన్నేళ్లలో మొదటి వాన తర్వాత నా దగ్గరికొచ్చిన కేసుల్లో మందు వల్ల జరిగినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం ఊపిరాడక చచ్చిన చేపలే.

రోహిణి కార్తె ఎండలకు చెరువు సగానికి దిగిపోతుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువే పడుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. అడుగు బురదలో అదీ ఉండదు. అలాంటప్పుడు గాలివాన కొడితే చల్లటి నీళ్లు కిందికి దిగి అడుగు నీళ్లను పైకి కలిపేస్తాయి, వాగు వెంట పేడ, ఆకులు, చెత్త వచ్చి పడి కుళ్లడం మొదలవుతుంది, ఆ కుళ్లు ఉన్న కాస్త ఆక్సిజన్ తినేస్తుంది, పైన మబ్బు పట్టి ఎండ లేక పాచి కొత్తగా ఇచ్చే ఆక్సిజనూ ఉండదు. రాత్రంతా చేపలు, పాచి, బురద అన్నీ వాడుకోవడమే. తెల్లవారుజామున నాలుగు, అయిదింటికి ఆక్సిజన్ అట్టడుగుకు పడుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే హాయిగా ఉండే బొచ్చె, రోహు 2 దరిదాపుల్లోకి వచ్చేసరికి పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

మరి మధ్యాహ్నం తెచ్చిన సీసాలో ఏం కనిపిస్తుంది? అప్పటికి కాస్త ఎండ వచ్చి ఆక్సిజన్ మళ్లీ పెరిగి ఉంటుంది, మూత తీసి ఊపుకుంటూ తెస్తే ఇంకా కలుస్తుంది. ఒక ఊళ్లో ఇదే జరిగింది. ఎక్కడో పరీక్ష చేయించుకున్నారు, "ఆక్సిజన్ బాగానే ఉంది" అని కాగితం వచ్చింది. అంతే, అయితే మందే అని తేల్చేశారు. అనుమానం శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) పక్కన పత్తి వేసుకున్న ఒక రైతు మీద పడింది, ముందురోజు అతను స్ప్రేయర్ కడగడం ఎవరో చూశారట. నేను వెళ్లేసరికి ఆ మనిషి రెండు రోజులుగా అన్నం తినలేదు.

మర్నాడు నాలుగున్నరకు తూము దగ్గర నీళ్లు పట్టాను, ఇంకా మబ్బే ఉంది. గట్టు మీదే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ చుక్కలు వేసి మూత బిగించి తిప్పాను. ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. పైనీళ్ల సీసాలో లేత రంగు వచ్చింది, అడుగు నీళ్లది పాలలా తెల్లగానే ఉండిపోయింది. అంటే అక్కడ ఆక్సిజన్ లేనట్టే. మత్స్యకారుల సంఘం పెద్దాయన ఆ రెండు సీసాలూ చాలాసేపు పట్టుకు చూసి, "అందుకేనా సార్, కొర్రమీనులు ఒక్కటీ సావలే" అన్నాడు. అసలు గుర్తు అదే. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి బతుకుతుంది. ఊపిరాడని చావుల్లో పెద్ద చేపలు ముందు పోతాయి, అదీ తెల్లవారుజామున. ఏ వేళనైనా చిన్నా పెద్దా, కప్పలు, నత్తలతో సహా పోతే అప్పుడు మందు అనుమానించండి. అప్పుడే చచ్చిన చేపను ఐసులో పెట్టి, నీళ్లు గాజు సీసాలో పట్టి వెంటనే తీసుకెళ్లండి. ఆ చేపల్ని ఎవరికీ అమ్మొద్దు, తినొద్దు.

మిగతావి త్వరగా చెప్తాను. వాన పడితే చెరువు శుభ్రమవుతుందనుకోకండి, మొదటి వరదే ఊళ్లోని మురికి అంతా మోసుకొస్తుంది. టీడీఎస్ పెన్ను పెట్టి నంబర్ తగ్గింది కదా అని సంబరపడతారు. వాన నీళ్లు కలిసి లవణాలు పలచబడ్డాయని మాత్రమే దానర్థం, క్రిములను ఆ పెన్ను చూడలేదు. నీళ్లు పచ్చబడితే ఫ్యాక్టరీ నీళ్లే అనేది పుకారు, చాలాసార్లు అది పాచే. కానీ ఎండాకాలంలో పచ్చ పెయింటు పోసినట్టు తెట్టు కడితే గొడ్లను తాగనివ్వకండి, కొన్ని రకాల పాచిలో విషం ఉంటుంది, మరిగించినా పోదు. గుర్రపు డెక్క నీళ్లను శుద్ధి చేస్తుందంటారు, తీసి బయట వేస్తేనే. అక్కడే కుళ్లితే పీల్చుకున్నదంతా మళ్లీ చెరువులోకే.

ఎండలు ముదిరాక పేడ, దాణా వేయడం తగ్గించండి, రేటు కోసం అన్నీ ఆపకుండా సగమైనా ముందే పట్టేయండి. సాయంత్రం వాన పడి రాత్రి ఉక్కగా, గాలి లేకుండా ఉందంటే నాలుగింటికి టార్చి తీసుకుని గట్టు మీదికి వెళ్లండి. ఒడ్డున నోళ్లు కనిపిస్తే ఆగకుండా మోటారు వేసి, నీళ్లు ఎత్తు నుంచి చిమ్మేలా పైపు పెట్టి, పొద్దు బాగా ఎక్కేదాకా ఆపకండి.