పెళ్ళికొడుకు పక్కన నిలబడేవాళ్ళ బట్టలు

చిరంజీవులకు ఆశీస్సులు.

పెళ్ళిలో పెళ్ళికొడుకు పక్కన నిలబడే స్నేహితులు, తమ్ముళ్ళు, ఇద్దరి నాన్నలు ఏం వేసుకోవాలని అడిగారు కదా. పెళ్ళికూతురి బట్టల గురించి నెలల ముందు నుంచే ఆలోచించే ఇళ్ళలో కూడా మగవాళ్ళ సంగతి చివరి వారం దాకా ఎవరికీ గుర్తురాదు. అది నాకు నచ్చదు. వాళ్ళు కూడా ఆ రోజంతా నిలబడాలి, ప్రతి ఫొటోలోనూ కనిపించాలి.

చాలామంది రంగుతో మొదలుపెడతారు. మీరు మాత్రం ముందు పెళ్ళి ఏ వేళకో చూడండి. టక్సీడో అనే నల్ల కోటు పేరు విన్నారుగా, న్యూయార్క్ రాష్ట్రంలోని టక్సీడో పార్క్ నుంచి 1880ల్లో దానికా పేరు వచ్చింది. అది రాత్రి విందుల కోసం పుట్టిన కోటు. అందుకే పట్టపగలు పెళ్ళికి అది అంతగా నప్పదు. పగలైతే బూడిద రంగో, లేత నీలమో బాగుంటుంది.

తర్వాత గుడ్డ. ఉన్ని అనగానే చలికాలమే గుర్తొస్తుంది కానీ, పల్చగా నేసిన ఉన్నిలోంచి గాలి ఆడుతుంది, అది చెమటనూ పీల్చుకుంటుంది. లినెన్ ఇంకా చల్లన, కాకపోతే ఒక్కసారి కూర్చుని లేస్తే చాలు, ముడతలు పడిపోతుంది. ఎండాకాలంలో పాలిస్టర్ వద్దు. కోటు లోపలి లైనింగ్ కూడా చూడండి. పైన ఎంత మంచి గుడ్డ ఉన్నా లోపలంతా పాలిస్టర్ వేస్తే ఉక్కపోత తప్పదు.

అందరూ ఒకేలా కనిపించాలనుకుంటే గుడ్డ ఒకే తానులోంచి కొనండి. పేరు నేవీ బ్లూ అనే ఉన్నా, వేర్వేరు చోట్ల కొన్నవి పక్కపక్కన పెడితే ఒకటి ఊదాగా, ఇంకొకటి నల్లగా అనిపించవచ్చు. కొద్దిపాటి తేడా పొరపాటులా కనిపిస్తుంది. ఒకే తాను దొరక్కపోతే ఎవరి కోటు వాళ్ళు వేసుకుని, టై మాత్రం అందరూ ఒకటే కట్టుకోవచ్చు. నాకైతే ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం. ఎవరి జేబు ఎంతో మనకు తెలియదు, ఒక్కరోజు కోటు కోసం స్నేహితుడు అప్పు చేయకూడదు. అద్దెకు తెచ్చుకున్నా తప్పేం లేదు.

గుడ్డ ఒకటే అయినా కొలతలు మాత్రం ఎవరివి వాళ్ళవే. కోటు భుజం కుట్టు సరిగ్గా భుజం అంచున ఆగాలి. చేతుల పొడవు, నడుము టైలర్ సులువుగా సరిచేస్తాడు, భుజం సరిచేయడం చాలా కష్టం. చేతి చివర చొక్కా కఫ్ అర అంగుళం కనిపిస్తే అందంగా ఉంటుంది. చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్ళకు కోటు ముందు భాగం కాస్త పొట్టిగా కుట్టించండి, లేకపోతే ఒడిలో గుడ్డంతా పోగుపడుతుంది. ఎదిగే పిల్లలకు కొలతలు వీలైనంత ఆలస్యంగా తీయించి, ప్యాంటు అంచులో గుడ్డ ఎక్కువ వదలమని చెప్పండి.

చాలా సన్నని చారల గుడ్డ వద్దు, కెమెరాలో అది అలలు అలలుగా పడవచ్చు. పెళ్ళికొడుకును వేరుగా చూపించడానికి టై రంగు మారిస్తే చాలు.

ట్రయల్ కనీసం మూడు వారాల ముందే పెట్టుకోండి, బూట్లతో సహా. కొత్త బూట్లయితే పెళ్ళి లోపు ఇంట్లో రోజూ కాసేపు వేసుకుని తిరగమనండి.

ప్రేమతో,
మీ తాతయ్య