‘యెస్’ పేరు ఎవరిది? నాలుగు ఇంటిపేర్ల బ్యాండు వెనక కథ

2017 ఏప్రిల్ 7న బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, క్లిష్టమైన పాటలు కట్టే రాక్ శైలి) బ్యాండు ‘యెస్’ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. పాత తగాదాలున్న సభ్యులు ఆ రాత్రి ఒకే వేదిక మీద కలిసి వాయించారు. రెండు రోజులకే పేచీ మళ్లీ మొదటికొచ్చింది. స్టీవ్ హౌ, అలన్ వైట్‌ల జట్టు ‘యెస్’గా కచేరీలు చేస్తుండగానే జాన్ ఆండర్సన్, ట్రెవర్ రాబిన్, రిక్ వేక్‌మన్ తమ బృందం పేరులోకి కూడా ‘యెస్’ను తెచ్చేశారు. ఏ యెస్‌కి టికెట్టు కొంటున్నామో అభిమానులు చూసుకుని కొనాల్సిన పరిస్థితి. అయితే ఈ గొడవ అప్పుడు పుట్టింది కాదు. 1989లోనే ఇది కోర్టు గుమ్మం తొక్కింది.

1968లో లండన్‌లో గాయకుడు ఆండర్సన్, బేస్ గిటారిస్టు క్రిస్ స్క్వయర్ కలిసి యెస్‌ను మొదలుపెట్టారు. డ్రమ్స్‌కి బిల్ బ్రూఫర్డ్ మొదట్నుంచీ ఉన్నాడు. 1970లో గిటారిస్టు హౌ, 1971లో కీబోర్డుల మీద వేక్‌మన్ వచ్చి చేరారు. ‘ఫ్రాజైల్’ (1971), ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ (1972) ఈ ఐదుగురూ చేసినవే. రెండో దాంట్లో టైటిల్ పాటే ఎల్పీ రికార్డు ఒక వైపంతా నిండిపోతుంది. యెస్ అనగానే చాలామందికి గుర్తొచ్చే సంగీతం ఇదే. కానీ ఈ కూర్పు ఏడాది దాటి ఎంతో నిలవలేదు. 1972లోనే బ్రూఫర్డ్ కింగ్ క్రిమ్సన్ అనే మరో బ్రిటిష్ బ్యాండుకి వెళ్లిపోయాడు, అతని చోట వైట్ వచ్చాడు. అక్కణ్నుంచి రాకపోకలు ఆగలేదు. 1981 నాటికి బ్యాండే విడిపోయింది.

అసలు చిక్కు ఆ తర్వాత పడింది. స్క్వయర్, వైట్ కలిసి దక్షిణాఫ్రికా గిటారిస్టు రాబిన్‌తో ‘సినిమా’ అనే కొత్త బ్యాండు కట్టారు. తొలినాళ్ల యెస్‌లో కీబోర్డు వాయించిన టోనీ కే కూడా చేరాడు. ఆల్బమ్ దాదాపు తయారైన దశలో ఆండర్సన్‌ని పాడమని పిలిచారు. అతని గొంతు వచ్చి చేరాక ఇంకా ‘సినిమా’ ఏమిటి, ఇది యెస్సే కదా అన్నారు. అలా 1983లో ‘90125’ యెస్ పేరుతో బయటికొచ్చింది. అందులోని ‘ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్’ 1984 జనవరిలో అమెరికాలో నంబర్ వన్ అయింది. పేరు తిరిగొచ్చింది ఆండర్సన్ వల్ల. కానీ 1988లో అతను బయటికి నడిచినప్పుడు, పేరు అతని వెంట వెళ్లలేదు.

పాప్ హిట్ల వెంట పరుగు తనకు విసుగెత్తిందని చెప్పి వెళ్లిన ఆండర్సన్ పాత మిత్రులు వేక్‌మన్, హౌ, బ్రూఫర్డ్‌లకు కబురు పెట్టాడు. స్క్వయర్‌ని మాత్రం పిలవలేదు. రికార్డింగ్‌లో ఎక్కువ భాగం కరీబియన్ ద్వీపం మాంట్‌సెరాట్‌లో, బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ కట్టిన ఎయిర్ స్టూడియోలో జరిగింది. బ్రూఫర్డ్ అక్కడికి వెళ్లింది ఆండర్సన్ సోలో ఆల్బమ్‌కి డ్రమ్స్ వాయించి రావడానికే అనుకుని. తీరా చూస్తే మిగతావాళ్ల పేర్లు, పాత మేనేజర్ బ్రయన్ లేన్. ఇది యెస్ కాక మరేమిటి? బేస్‌కి అతను తన కింగ్ క్రిమ్సన్ సహచరుడు టోనీ లెవిన్‌ని తెచ్చుకున్నాడు. ఆ స్టూడియో కూడా ఆ తర్వాత ఎన్నాళ్లో లేదు. 1989 సెప్టెంబరులో హ్యూగో తుఫాను దాన్ని దెబ్బతీసింది, మళ్లీ తెరవలేదు.

రికార్డు విడుదల కాకముందే స్క్వయర్ పక్షం అమెరికాలో దావా వేసింది. బయటికి వెళ్లిన సభ్యులు యెస్ పేరు వాడుకోరాదని 1984లోనే ఒప్పందం ఉందన్నది వాళ్ల వాదన. దాంతో నలుగురి ఇంటిపేర్లే బ్యాండు పేరయ్యాయి: ఆండర్సన్ బ్రూఫర్డ్ వేక్‌మన్ హౌ. చూస్తే లాయర్ల ఆఫీసు బోర్డులా ఉంటుంది, దాన్ని తెచ్చిపెట్టిందీ లాయర్లే. కచేరీలకు మాత్రం ‘యాన్ ఈవెనింగ్ ఆఫ్ యెస్ మ్యూజిక్ ప్లస్’ అని పేరు పెట్టుకున్నారు. బ్యాండు పేరు వద్దంటే, వాయించే సంగీతం పేరు చెప్పారు. యెస్ పాత ఆల్బమ్ అట్టల చిత్రకారుడు రోజర్ డీన్ చేతే అట్ట కూడా వేయించారు. 1989 జూన్‌లో వచ్చిన ఆల్బమ్ బ్రిటన్‌లో 14వ స్థానం, అమెరికాలో 30వ స్థానం దాకా వెళ్లింది.

వినడానికి ఆ ఆల్బమ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. ‘బ్రదర్ ఆఫ్ మైన్’ పది నిమిషాల పైచిలుకు సాగినా ఎక్కడా బరువనిపించదు. ఆస్ట్రేలియా ఎడారిలో బ్రిటన్ చేసిన అణుపరీక్షల గురించిన ‘బర్త్‌రైట్’లో నిజమైన కోపం ఉంది. ‘టీక్‌బోయ్’ కరీబియన్ ఊపు మాత్రం, నా మటుకు నాకు, ఒకసారి వింటే చాలు. బ్రూఫర్డ్ వాయించిన ఎలక్ట్రానిక్ డ్రమ్స్ శబ్దంలో ఎనభైల వాసన ఇప్పటికీ పోలేదు.

రెండో ఆల్బమ్ ఫ్రాన్స్‌లో మొదలైంది కానీ పూర్తికాలేదు. రికార్డు కంపెనీ అరిస్టాకి హిట్ పాట కావాలి. రాబిన్ దగ్గర పాటలున్నాయి, అతనున్న స్క్వయర్ పక్షపు యెస్‌కి గాయకుడు లేడు. లెక్క కుదిరింది. రెండు జట్ల రికార్డింగులూ కలిపి 1991లో ‘యూనియన్’ పేరుతో యెస్ ఆల్బమ్‌గా వేశారు. ఆండర్సన్ జట్టు సభ్యులు వాయించిన చోట్ల చాలావరకు సెషన్ కళాకారుల (డబ్బిచ్చి పిలిపించే బయటి వాద్యకారుల) చేత తిరిగి వాయింపజేశారు. వింటే కన్నీళ్లొస్తాయని వేక్‌మన్ దాన్ని ‘ఆనియన్’ అంటాడు. ఎనిమిది మందీ కలిసి తిరిగిన టూరు బాగానే నడిచింది. అది ముగిశాక 1994లో వచ్చిన ‘టాక్’ ఆల్బమ్‌లో హౌ, వేక్‌మన్, బ్రూఫర్డ్ లేరు. 2017లో హాల్ ఆఫ్ ఫేమ్ ఎంచుకున్నది మాత్రం సరిగ్గా ఆ ఎనిమిది మందినే.

స్క్వయర్ 2015లో, వైట్ 2022లో చనిపోయారు. ఆండర్సన్, రాబిన్, వేక్‌మన్‌ల యెస్ స్టూడియో ఆల్బమ్ చేయకుండానే ముగిసింది. 1989లో ఆ పేరుకి బయట నిలబడ్డ హౌ ఇప్పుడు అదే పేరుతో బ్యాండు నడుపుతున్నాడు. ఆండర్సన్ ‘ది బ్యాండ్ గీక్స్’ అనే బృందంతో, తన సొంత పేరు పెట్టుకుని ఆ పాటలే పాడుతున్నాడు.