పిల్లలున్న ఇంటికి కాపలా కుక్క: నా క్లినిక్‌లో వినే అపోహలు

"పిల్లలతో బాగుండాలి సార్, దొంగొస్తే మాత్రం వదలకూడదు. ఏ బ్రీడ్ తీసుకోమంటారు?"

విశాఖలో పశువైద్యుడిగా క్లినిక్ నడుపుతున్నాను. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది చేతిలో అప్పటికే అట్టపెట్టె ఉంటుంది, అందులో కుక్కపిల్ల ఉంటుంది. కొన్నాక నేను చెప్పేదేముంది, టీకాల కార్డు రాసి పంపిస్తాను. ఇంకా కొననివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అపోహ: ల్యాబ్ (లాబ్రడార్ జాతి కుక్క) కరవదు, రాట్‌వీలర్ కాపలా కాస్తుంది. అంతా బ్రీడ్‌లోనే ఉంది.

బ్రీడ్‌ని బట్టి ముందే చెప్పగలిగేవి కొన్ని ఉన్నాయి. ఎంత పెరుగుతుంది, ఎంత జుట్టు రాలుస్తుంది, రోజూ ఎంతసేపు తిప్పాలి, ఇలాంటివి. స్వభావం దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పుతుంది. 2022లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 18 వేలకు పైగా కుక్కల ప్రవర్తన గురించి వాటి యజమానుల్ని అడిగారు, వాటిలో రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు కూడా చూశారు. కుక్కకీ కుక్కకీ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో బ్రీడ్ వాటా సుమారు 9 శాతమేనని తేలింది.

నాకు బాగా గుర్తున్న కాటు ఒక ల్యాబ్‌ది. ఆరేళ్ల బాబు చెయ్యి కరిచింది. "నాలుగేళ్లుగా పిల్లాడు మీదెక్కి తొక్కినా ఏమనలేదు సార్, దీనికి పిచ్చెక్కిందా?" అని ఏడుస్తూ తెచ్చారు. చెవి పైకెత్తి చూస్తే లోపల చీము. వేలాడే చెవులు, మన సముద్రపు ఉక్క, స్నానం చేయించాక చెవులు తుడవకపోవడం... ఇక్కడి ల్యాబ్‌లకి చెవిపోటు మామూలే. బాబు ఆ చెవినే పట్టుకుని లాగాడు.

అలాగని బ్రీడ్ అక్కర్లేని విషయం అనను. మొదటిసారి కుక్కని పెంచుతున్నవాళ్లకి, ఇంట్లో చిన్నపిల్లలు కూడా ఉంటే, రాట్‌వీలర్ వద్దనే చెప్తాను. దాని బుద్ధి చెడ్డదని కాదు. నలభై యాభై కిలోల కుక్క ఒక్కసారి పొరపాటు చేస్తే ఆపే బలం, అనుభవం ఆ ఇంట్లో ఎవరికీ ఉండవు. 2024 మార్చిలో కేంద్రం ప్రమాదకరమంటూ 23 కుక్క జాతుల్ని నిషేధించమని రాష్ట్రాలకి లేఖ రాసింది, ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పట్నుంచి "లిస్టులో లేదు కదా సార్, పర్లేదుగా" అని అడిగేవాళ్లు తయారయ్యారు. లిస్టులో ల్యాబ్ కూడా లేదు. ఆ బాబు చేతికి కుట్లు పడ్డాయి.

అపోహ: కోపిష్టి కుక్కే కాపలాకి పనికొస్తుంది.

మిగతా అపోహలన్నీ కలిపినా ఇంత నష్టం చెయ్యవు.

కనిపించిన ప్రతివాడి మీదికీ దూకే కుక్కని జాగ్రత్తగా చూడండి. తోక కాళ్ల మధ్యకి పోతుంది, చెవులు వెనక్కి అణుగుతాయి, రెండడుగులు ముందుకేసి మూడడుగులు వెనక్కి తగ్గుతుంది. మనిషి వెనక్కి తిరిగాక పిక్క పట్టుకుంటుంది. అది ధైర్యం కాదు, భయం. అలాంటి కుక్కకి దొంగకీ గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడికీ తేడా తెలీదు. మీ ఇంటికి దొంగ ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో రాడో. మీ పాప స్నేహితురాళ్లు మాత్రం రోజూ సాయంత్రం వస్తారు. పరిగెడతారు, కేకలేస్తారు, వాళ్లలో వాళ్లే జుట్లు పట్టుకుంటారు. అది ఆటో దెబ్బలాటో తేల్చుకునే నిదానం భయపడే కుక్కకి ఉండదు.

ఇంటికి కావలసిన కాపలా నిజానికి చిన్న పనే. గేటు దగ్గర అలికిడైతే మొరగాలి, మీరొచ్చి చూసి "చాలు" అంటే ఆపాలి. చప్పుడు కాకుండా పని కానిచ్చుకుందామని వచ్చినవాడికి ఆ మొరుగుడే చాలు.

"ఏటి సార్, మూడు నెలలైపోనాది, ఇంకా ఎవర్నీ చూసి మొరగట్లేదు" అని గాజువాక నుంచి ఒకాయన వచ్చారు. అన్నంలో కారం కలిపి పెడుతున్నారట, పౌరుషం రావడానికి. వచ్చింది పౌరుషం కాదు, విరేచనాలు. మూడు నెలల కుక్కపిల్ల అందరి దగ్గరికీ తోకూపుకుంటూ వెళ్తే సంతోషించండి. కాపలా బుద్ధి సాధారణంగా ఏడాది దాటాకే బయటపడుతుంది. పచ్చి మాంసం పెడితే క్రూరత్వం రాదు, నులిపురుగులు, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా రావచ్చు, ఆ కుక్కతో ఆడుకునే పిల్లలకి కూడా. ఇక చీకటి గదిలో కట్టేసి ఉంచడం, పొట్టి గొలుసుతో రోజంతా వదిలేయడం: దీంతో కుక్క భయస్తురాలవుతుంది. పైగా అది 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం.

అపోహ: అంగిలి నల్లగా ఉంటే, ఇరవై గోళ్లుంటే మంచి జాతి, మంచి కాపలా.

అంగిలి నలుపు ఒట్టి రంగు. మామూలుగా కుక్కకి ముందు కాళ్లకి ఐదేసి, వెనక కాళ్లకి నాలుగేసి, మొత్తం 18 గోళ్లు. కొన్నిటికి వెనక కాళ్లకి కూడా అదనపు గోరు ఉంటుంది. అది నేలకి రాసుకోక వంకర తిరిగి మాంసంలోకి దిగిపోతే కత్తిరించడానికి నా దగ్గరికి తెస్తారు. దాని ఉపయోగం అంతవరకే.

అపోహ: నెల వయసు కుక్కపిల్లని తెచ్చుకుంటే బాగా మాలిమి అవుతుంది.

సరిగ్గా తిరకాసు ఇక్కడే ఉంది. నోటితో ఎంత గట్టిగా పట్టుకుంటే ఎదుటివాళ్లకి నొప్పి పుడుతుందో కుక్కపిల్ల నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువులతో కొట్లాడుతూ. ఆ చదువు మధ్యలో లాక్కొచ్చేస్తే మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది. ఎనిమిది వారాలు నిండకముందు అమ్మకూడదని 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల్లోనే ఉంది.

మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా చూసినవన్నీ కుక్కకి మామూలు విషయాలైపోతాయి. ఇదే రోజుల్లో టీకాలు పూర్తవవు, పార్వో అనే ప్రాణాంతకమైన అంటువ్యాధి భయం ఉంటుంది. అందుకని కింద దించకుండా ఎత్తుకుని తిప్పండి. బీచ్ రోడ్డు మీద గోల, ఆటోలు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, కర్రతో నడిచే తాతగార్లు, ఏడ్చే పసివాళ్లు, అన్నీ చూడనివ్వండి.

కొనేచోట ముందు తల్లిని చూపించమనండి. కొత్తవాళ్లని చూసి రెండుసార్లు మొరిగి, యజమాని మాట విని సర్దుకునే తల్లి దొరికితే సగం పని అయినట్టే. తల్లిని చూపించకపోతే నేనైతే వెనక్కి వచ్చేస్తాను, ధర ఎంత తక్కువ చెప్పినా. తర్వాత కుక్కపిల్లల పక్కన తాళాల గుత్తి కింద పడెయ్యండి. ఉలిక్కిపడి, కాసేపటికి తనంతట తానే వచ్చి వాసన చూసే పిల్ల నాకు నచ్చుతుంది. మూలకి దూరి ఎంతకీ బయటికి రానిదాన్ని జాలిపడి తెచ్చుకోకండి, ఇంట్లో పిల్లలుంటే.

అపోహ: నాటు కుక్క ఇంటికి పనికిరాదు.

నా ఓటు దానికే. పొట్టి జుట్టు, అలికిడికి వెంటనే లేచే చెవులు, మన ఎండకి అలవాటైన ఒళ్లు. కుక్క ఒంటి వేడిని తగ్గించుకునేది ముఖ్యంగా రొప్పడంతోనే. గాలిలో తేమ ఎక్కువైతే రొప్పినా వేడి సరిగా పోదు. మే నెలలో విశాఖలో ఒత్తు జుట్టు హస్కీనీ, అణిగిన ముక్కు పగ్‌నీ పెంచడం అంటే కరెంటు పోయిన ప్రతిసారీ టెన్షనే. చిన్నప్పుడే తెచ్చి పైన చెప్పినట్టు పెంచితే నాటు కుక్క ఇంట్లో పిల్లలతో చక్కగా ఉంటుంది. ఒకటి నిజం, ముట్టుకుంటే చాలు పొంగిపోయే ల్యాబ్ రకం కాదది. కొంచెం దూరంగా పడుకుని అందర్నీ గమనిస్తుంటుంది.

ఆడకుక్క కాపలా కాయదనీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే మొరగడం మానేస్తుందనీ అంటారు. రెండూ తప్పే.

అపోహ: మంచి కుక్కైతే పిల్లలు ఏం చేసినా ఊరుకుంటుంది.

ఊరుకోదు, ముందు చెప్తుంది. నిద్ర రాకుండానే ఆవులిస్తుంది, పెదాలు నాక్కుంటుంది, మొహం పక్కకి తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది, ఒళ్లు బిగబట్టుకుంటుంది. ఇవేవీ మనం పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొట్టారనుకోండి, తర్వాతిసారి గుర్రుమనకుండా కరుస్తుంది. చిన్నపిల్లల ఎత్తు కుక్క నోటికి దగ్గర కాబట్టి కాటు మొహం మీద, తల మీద పడుతుంది. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి. ఐదారేళ్ల లోపు పిల్లల్ని కుక్కతో ఒంటరిగా వదిలి వంటింట్లోకి కూడా వెళ్లకండి.

అపోహ: ఇంట్లో కుక్కే, టీకాలు వేయించిందే, కరిచినా ఏం కాదు.

ఒకాయన కరిచిన కుక్కని బండి మీద పెట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చారు. కరిపించుకున్న పాప ఎక్కడ అంటే, ఇంట్లో పసుపు రాసి కూర్చోబెట్టామన్నారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కండకి వేసే పద్ధతిలో టీకాలు 0 (మొదటి టీకా వేసిన రోజు), 3, 7, 14, 28 రోజుల్లో పడతాయి. గాయం లోతుని బట్టి ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వేస్తారు. కుక్కని పది రోజులు కట్టి ఉంచి గమనిస్తే సరిపోతుంది, దాన్ని నా దగ్గరికి ఆ సాయంత్రం తెచ్చినా, మర్నాడు తెచ్చినా ఒకటే. ఆయన్ని బండి తిప్పించి పాప దగ్గరికి పంపేశాను. కుక్కని నా క్లినిక్‌లోనే ఉంచుకున్నాను.