బండి లాగట్లేదా? ఇంజిన్ విప్పకముందు పొగ చూడండి: పాత డీజిల్ జీపుల మీద అపోహలు, వాస్తవాలు

మా షెడ్డు నర్సీపట్నంలో. లంబసింగి ఎక్కాలన్నా చింతపల్లి పోవాలన్నా బళ్ళన్నీ మా ముందు నుంచే పోతాయి కాబట్టి నా దగ్గరకొచ్చే కంప్లైంట్ ఎక్కువగా ఒకటే, "అన్నా, ఘాట్ లో బండి లాగట్లేదు". మహీంద్రా 540 జీపులు, టర్బో (ఇంజిన్ లోకి గాలిని ఒత్తిడితో తోసేది) ఉన్న పాత బొలెరో ఫోర్ వీల్ డ్రైవ్ లు, మొదటి మోడల్ స్కార్పియోలు, సఫారీలు, అన్నీ వస్తాయి. వచ్చేవాళ్ళలో చాలామంది ఆల్రెడీ ఎవరో చెప్పిన రోగం పేరు, రేటు రెండూ పట్టుకునే వస్తారు. ఆ పేర్లలో సగం తప్పు, అందుకే ఇది రాస్తున్నా, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

అపోహ: పవర్ పోయిందంటే ఇంజిన్ బోరుకొచ్చేసినట్టే.

ఇది మా ఫీల్డ్ లో అన్నిటికన్నా ఖరీదైన అబద్ధం. బోరు అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, అది అరగడం ఒక్క రోజులో జరిగే పని కాదండి, ఏళ్ళు పడుతుంది, ఆ అరుగుదల డ్రైవర్ కి తెలియకుండానే వస్తుంది, నిన్నటిదాకా బాగా ఎక్కిన బండి ఇవాళ ఎక్కట్లేదంటే అది దాదాపు బోరు కాదు. నిజంగా బోరుకొచ్చిన ఇంజిన్ పొద్దున్నే స్టార్ట్ అవడానికి ఏడిపిస్తుంది, ఇంజిన్ ఆయిల్ తాగుతుంది, వేడెక్కాక ఆయిల్ క్యాప్ తీస్తే లోపల్నుంచి భుక్ భుక్ మని పొగ కొడుతుంది, సైలెన్సర్ లోంచి నీలం పొగ వస్తుంది. ఇవేమీ లేకుండా ఉత్త పికప్ తగ్గితే ఇంజిన్ హెడ్డు విప్పకూడదు. అయినా అనుమానం ఉంటే కంప్రెషన్ గేజి పెట్టి నాలుగు సిలిండర్లూ చూసుకోండి, మంచి డీజిల్ ఇంజిన్ లో సుమారు 25 నుంచి 30 బార్ దాకా చూపిస్తుంది, ఆ అంకె కంటే ముఖ్యం నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది. గేజి పెట్టకుండా బోరు అన్నవాడి మాట నమ్మి డబ్బులు తియ్యొద్దు.

అపోహ: పొగ ఎక్కువొస్తే రోగం ఎక్కువ, పొగ లేకపోతే ఇంజిన్ సూపర్.

నేను ముందు చూసేది పొగే, కానీ లెక్క వేరు. డీజిల్ ఇంజిన్ లో పెట్రోల్ బండిలాగా గాలిని కంట్రోల్ చేసే పని ఉండదు, గాలి ఎంత దొరికితే అంతా లాక్కుంటుంది, పెడల్ తొక్కితే పెరిగేది డీజిలే. అందుకని లాగట్లేదు, నల్ల పొగ కూడా వస్తోంది అంటే డీజిల్ అందుతోంది గానీ గాలి చాలట్లేదు, లేదా డీజిల్ సరిగ్గా స్ప్రే అవట్లేదు. లాగట్లేదు, పొగా లేదు అంటే అసలు డీజిలే అందట్లేదు. ఈ ఒక్క ముక్కతో మీ వెతుకులాట సగానికి తగ్గిపోతుంది. షెడ్డులో న్యూట్రల్ లో రేజ్ చేసి చూస్తే ఇది తెలీదండి, లోడ్ మీద చూడాలి. నేనైతే మా కుర్రాణ్ణి బైక్ మీద వెనక రమ్మని, ఎత్తు రోడ్డులో మూడో గేర్ వేసి పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుంటా, వాడు పొగ రంగు చెప్తాడు. తెల్ల పొగ అయితే టైమింగ్ (సిలిండర్ లో డీజిల్ పడే సమయం) లేటు, నాజిల్ (డీజిల్ స్ప్రే చేసేది) కారడం లాంటివి చూడాలి, తెల్ల పొగతో పాటు రేడియేటర్ లో నీళ్ళు కూడా తగ్గుతుంటే అది హెడ్ గ్యాస్కెట్ కథ, అది వేరే పోస్ట్.

పొగ లేదు, పవర్ లేదు అనుకోండి. అన్నిటికంటే ముందు ఒకర్ని లోపల కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి, నాజిళ్ళకి డీజిల్ కొట్టే పంపు దగ్గర లివర్ చివరి దాకా వెళ్తోందా చూడండి. కేబుల్ సాగిపోయి ముప్పావు వంతు మాత్రమే తెరుచుకుంటున్న బళ్ళు నేను ఎన్ని చూశానో. ఒకసారి అయితే ఓనర్ కొత్తగా వేయించిన మందపాటి మ్యాట్ పెడల్ కింద అడ్డు, పది రూపాయల పని కూడా కాదు, ఆయన అప్పటికి రెండు షెడ్లు తిరిగొచ్చాడు. పాత జీపుల్లో ఇంజిన్ ఆపే స్టాప్ కేబుల్ ఉంటుంది కదా, అది తుప్పు పట్టి పూర్తిగా వెనక్కి రాకపోయినా ఇదే కంప్లైంట్.

అపోహ: డీజిల్ ఫిల్టర్ మొన్నే మార్చాం, కాబట్టి ఫిల్టర్ లైన్ లో ప్రాబ్లం ఉండదు.

ఫిల్టర్ ఒక్కటే కాదు కదా దారిలో ఉన్నది. ట్యాంకు లోపల జాలి, అక్కడినుంచి రబ్బరు గొట్టాలు, ఫీడ్ పంపు, దాని చిన్న జాలి, నీళ్ళు పట్టే గిన్నె, ఆ తర్వాత ఫిల్టర్. ఒక 540 వచ్చింది, స్టార్ట్ చేస్తే ఇరవై నిమిషాలు గుర్రంలా పోతుంది, తర్వాత ఊపిరాడనట్టు చచ్చుబడిపోతుంది, రోడ్డు పక్కన ఆపి ఒక బీడీ కాల్చి మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ గుర్రమే. ఈ లక్షణం విన్నప్పుడే ట్యాంకు అనుకోవాలి. ట్యాంకు దింపితే లోపల పాలిథిన్ కవర్ ముక్క, తిరుగుతూ తిరుగుతూ జాలికి అతుక్కునేది, ఇంజిన్ ఆపితే లాగుడు ఆగి ఊడిపోయేది. దానికి ముందు ఎవరో పంపు రిపేర్ చేసి బిల్లు కూడా వేశారు పాపం.

అన్నిటికీ ట్యాంకు దింపక్కర్లేదు. ఐదు లీటర్ల క్యాన్ లో శుభ్రమైన డీజిల్ పోసి, ట్యాంకు లైన్ పీకేసి క్యాన్ లోంచి నేరుగా ఇచ్చి ఒక రౌండ్ వేసి చూడండి. బండి బాగుపడితే రోగం ట్యాంకు వైపు, బాగుపడకపోతే పంపు వైపు. పంపుకి వెళ్ళే చోట ఒక అడుగు ట్రాన్స్‌పరెంట్ గొట్టం పెడితే గాలి బుడగలు కంటికే కనిపిస్తాయి. డీజిల్ కారితే బయట తడి కనిపిస్తుంది, కానీ లైన్ గాలి పీల్చుకుంటే బయట ఏమీ కనపడదు, పాత రబ్బరు గొట్టాలతో వచ్చే తంటా ఇదే. ట్యాంకు మూత తియ్యగానే సుయ్ మని గాలి లోపలికి పోతే మూతకున్న రంధ్రం మూసుకుపోయిందని అర్థం, పిన్నీసుతో పొడిస్తే అయిపోతుంది.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పేస్తా. రోటరీ పంపులకి డీజిల్ లోపలికి వచ్చే చోట ఒక బోల్ట్, తిరిగి ట్యాంకుకి పోయే చోట ఒక బోల్ట్ ఉంటాయి, బయటకి చూడ్డానికి రెండూ ఒకటే. కానీ తిరిగి పోయే బోల్ట్ లో రంధ్రం సూది బెజ్జమంత ఉంటుంది, దాని తల మీద ఔట్ అని కొట్టి ఉంటుంది. ఆ చిన్న రంధ్రం వల్లే పంపు లోపల ప్రెషర్ నిలబడుతుంది, దాన్ని బట్టే టైమింగ్ ముందుకి జరుగుతుంది. రెండూ తారుమారైతే పంపుకి డీజిల్ సూది బెజ్జం లోంచి అందుతుంది, ప్రెషర్ నిలవదు, బండి ఐడిల్ లో బానే ఉంటుంది, లోడ్ మీద చేతులెత్తేస్తుంది. ఫిల్టర్ మార్చినప్పుడు లైన్లు కడిగి నేనే వాటిని తారుమారు చేసి బిగించా, తర్వాత రెండు రోజులు నాజిళ్ళు విప్పి, టైమింగ్ చూసి, కస్టమర్ ముందు తల దించుకుని, చివరికి మా పాత మేస్త్రీ గారు వచ్చి "ఆ బోల్ట్ తల మీద ఏం రాసుందో చదివావా నాయనా" అన్నారు. ఇప్పుడు ఆ బోల్ట్ విప్పగానే ఎర్ర పెయింట్ చుక్క పెట్టుకుంటా.

అపోహ: పంపు మీద డీజిల్ పెంచే స్క్రూ రెండు చుట్లు తిప్పితే పవర్ వచ్చేస్తుంది.

వస్తుంది. కొన్నాళ్ళు. ఆ స్క్రూకి సీసం సీల్ వేసేది ఊరికే కాదు. గాలి అంతే ఉండి డీజిల్ పెంచితే మిగిలిన డీజిల్ నల్ల పొగ, వేడి అవుతుంది, ఆ వేడికి ఘాట్ లో పిస్టన్ తల కరగడం, హెడ్డు క్రాక్ అవడం నా కళ్ళతో చూశాను. అసలు రోగం ఎక్కడో ఉంటే పంపు పెంచి కప్పెట్టడం అన్నమాట. పంపు మీద అనుమానం ఉంటే టెస్ట్ బెంచ్ ఉన్న చోటికి పంపండి, మన ఊళ్ళలో ఇప్పటికీ మైకో షాపు అనే అంటారు, కంపెనీ పేరు 2008లోనే బాష్ అయిపోయినా సరే. నాజిళ్ళు కూడా అంతే, చేత్తో కొట్టే టెస్టర్ మీద స్ప్రే చూసి ప్రెషర్ సెట్ చెయ్యాలి, కంటితో చూసి బాగుంది అనడం కుదరదు.

ఇప్పుడు నల్ల పొగ వైపు. ఎయిర్ ఫిల్టర్ గురించి అందరికీ తెలుసు, ఎక్కువ చెప్పను, కాకపోతే పాత జీపుల్లో ఆయిల్ బాత్ ఫిల్టర్ ఉంటుంది, అందులో గీత దాటి ఆయిల్ పోస్తే గాలికి అదే అడ్డు. టర్బో ఉన్న బళ్ళకి వస్తే "టర్బో పోయింది" అనేదే పెద్ద అపోహ. టర్బో పోవడం కంటే టర్బోకి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కి మధ్య రబ్బరు గొట్టం చీలడం చాలా ఎక్కువ, అదీ కింది వైపు చీలుతుంది, పైనుంచి చూస్తే కనపడదు, చుట్టూ నల్లటి ఆయిల్ తడి ఉంటే అక్కడ చెయ్యి పెట్టి చూడండి. కొన్ని మెకానికల్ పంపులకి ఇంజిన్ లోకి గాలి పోయే మానిఫోల్డ్ నుంచి పెన్సిల్ అంత సన్నం గొట్టం ఒకటి వస్తుంది, టర్బో ప్రెషర్ పెరిగిందని పంపుకి చెప్పేది అదే. అది పగిలితే పంపు డీజిల్ పెంచదు, అప్పుడు పొగ కూడా రాదు, అందరూ టర్బో మీద పడతారు. స్కార్పియో, సఫారీల్లో ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే కాలిన పొగే మళ్ళీ ఇంజిన్ లోకి పోతుంది, దాన్ని విప్పి శుభ్రం చేస్తే చాలా బళ్ళు లేచి కూర్చుంటాయి.

ఘాట్ గురించి ఒక మాట. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి కింద కంటే ఓ పది శాతం పలచన. 540లో ఉండే పాత ప్యూజో ఇంజిన్ 2112 సీసీ, టర్బో లేదు, మొత్తం పవరే అరవై చిల్లర హార్స్ పవర్, అందులో ఆరు పైన తీసేసుకుంటుంది కొండ. పైకెళ్ళాక కొంచెం పొగ, కొంచెం బద్ధకం రోగం కాదు. చలికాలం టూరిస్టు సీజన్లో పది మందిని ఎక్కించి పికప్ లేదంటే నేనేం చెయ్యను.

అపోహ: సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్) బండికి కూడా నాజిల్ పైపు లూజ్ చేసి ఏ సిలిండర్ పనిచెయ్యట్లేదో చూడొచ్చు.

చెయ్యొద్దు, దండం పెడతా. పాత పంపు బళ్ళలో ఒక్కో యూనియన్ నట్ లూజ్ చేసి చూడటం మనందరికీ అలవాటే. కామన్ రైల్ అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ ఇచ్చే ఒకే పైపు, దాని లోపల ప్రెషర్ లోడ్ మీద వెయ్యి బార్ దాటుతుంది, ఐడిల్ లోనే రెండు మూడు వందల బార్, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, ముందు పైకి చిన్న సూదిపోటులా కనిపిస్తుంది, తర్వాత వేలు తీసేసే దాకా రావొచ్చు. తగిలితే నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. ఈ బళ్ళకి పద్ధతి వేరు, ముందు స్కానర్ పెట్టి కోడ్ చదవాలి, ఆ తర్వాత ఇంజెక్టర్ల రిటర్న్ కి సెలైన్ గొట్టాలు పెట్టి నాలుగు సీసాల్లోకి వదిలి చూడాలి. ఏ సీసా ముందు నిండితే ఆ ఇంజెక్టర్ కారుతున్నట్టు. కోడ్ వచ్చింది కదా అని ఆ సెన్సార్ మార్చెయ్యడం ఇంకో జబ్బు, రైల్ ప్రెషర్ తక్కువ అని కోడ్ వస్తే సెన్సార్ నిజమే చెప్తోందేమో, డీజిల్ ఫిల్టర్ చూశారా మరి?

చిన్నవి గబగబా చెప్పేస్తా. గ్లో ప్లగ్గులు (చల్లని ఇంజిన్ ని స్టార్ట్ కి ముందు వేడి చేసేవి) మారిస్తే స్టార్టింగ్ బాగుంటుంది, ఘాట్ లో పవర్ రాదు. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కే దాకా నీళ్ళని రేడియేటర్ కి పోనివ్వనిది) పీకేస్తే ఇంజిన్ చల్లగా ఉండి ఇంకా బాగా లాగుతుందనేది తప్పు, డీజిల్ కి వేడి కావాలి, పీకేస్తే పవర్, మైలేజ్ రెండూ తగ్గుతాయి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 డీజిల్ వల్ల పవర్ పోయిందనేవాళ్ళున్నారు, అందులో తగ్గింది సల్ఫర్, 50 నుంచి 10 పీపీఎం కి, సీటేన్ (డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె) మాత్రం ముందున్న 51 కనీసమే. కిరోసిన్ కలిపితే లాగుతుందనేవాడికి మాత్రం పంపు బిల్లు చూపించండి, రోటరీ పంపుకి లోపల డీజిలే ఆయిల్, కిరోసిన్ కి ఆ జిడ్డు లేదు.

చివరిది, ఇంజిన్ కి సంబంధమే లేనిది. ఫోర్ వీల్ వేస్తే పవర్ పెరుగుతుందనుకుని తారు రోడ్డు మీద కూడా వేసుకుని తిరిగేవాళ్ళున్నారు. ఫోర్ వీల్ "హై" (4H) లో వేస్తే ఉన్న పవర్ నాలుగు చక్రాలకీ పంచుతుంది అంతే, "లో" (4L) గేర్ లో వేస్తేనే లాగుడు సుమారు రెండున్నర రెట్లు అవుతుంది. పైగా ఈ జీపుల్లో ముందు, వెనక చక్రాలని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ ఉండదు, తారు మీద మలుపుల్లో ముందూ వెనకా ఒకదాన్నొకటి లాక్కుని బండి బిగుసుకుపోతుంది, దాన్నే పవర్ లేదనుకుంటారు. బ్రేకులు పట్టేయడం కూడా ఇదే, పది కిలోమీటర్లు నడిపి దిగి డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ఒకటి మాత్రమే కాలుతుంటే ఇంజిన్ జోలికి పోవద్దు. పెడల్ తొక్కితే సౌండ్ పెరిగి స్పీడ్ పెరగకపోతే క్లచ్.

మొన్న ఒక కుర్రాడు బొలెరో తెచ్చాడు, అంతా సరిగ్గా ఉంది, ఫిల్టర్లు కొత్తవి, కంప్రెషన్ బ్రహ్మాండం, అయినా ఘాట్ లో నాలుగో గేర్ అందుకోవట్లేదు. చక్రాలు చూస్తే 215/75ఆర్15 తీసేసి 31 అంగుళాలవి వేయించాడు, అంటే చక్రం ఎత్తు 70 సెంటీమీటర్ల నుంచి దాదాపు 79కి, పన్నెండు శాతం పెద్దది, గేర్లన్నీ అంత మేర బరువెక్కినట్టే, స్పీడోమీటర్ కూడా అంతే తక్కువ చూపిస్తుంది. అసలు విషయం చెప్పా. "టైర్లు మార్చను అన్నా, లుక్ పోతుంది, పంపు స్క్రూ ఏమన్నా తిప్పుతావా" అన్నాడు.