ఆనింగు గొట్టంలో దాగిన స్ప్రింగు

టెక్సాస్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు రెండు ప్రశ్నలు పంపారు. సెలవుల్లో పిల్లలతో తిరగడానికి పాత ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లు, ఒకటి కొన్నారట. దాని పక్కన లాగి పరిచే గుడ్డ పందిరి, అదే ఆనింగు, తెరిచేటప్పుడు బుద్ధిగానే వచ్చింది. మూసేటప్పుడు మాత్రం చేతిలోని కొక్కెం కడ్డీని లాక్కుపోయి ట్రైలర్‌కు దబ్బున కొట్టుకుంది. ‘ఎందుకలా? గుడ్డ చుట్టుకునే గొట్టం చివరి మూత విప్పి కాస్త నూనె వేస్తే సరిపోతుందా?’ అని అడిగారు.

రెండో ప్రశ్న చదివి నాకు భయం వేసింది. ఆ మూత జోలికి పోకండి. ఎందుకో చెప్తాను.

మన ఊళ్ళో కిరాణా కొట్టు షట్టర్ గుర్తుందా? అంత బరువైన ఇనుప రేకును పదిహేనేళ్ళ కుర్రాడు కూడా పైకి నెట్టేస్తాడు. పైనున్న ఇరుసు మీద స్ప్రింగులుంటాయి. షట్టర్ దించేటప్పుడు అవి బిగుసుకుంటాయి, ఎత్తేటప్పుడు ఆ దాచుకున్న శక్తిని తిరిగి ఇస్తాయి. స్ప్రింగు విరిగిన రోజున అదే షట్టర్ ఇద్దరు పట్టినా ఓ పట్టాన లేవదు. చేత్తో లాగే ఆనింగు గొట్టంలో కూడా ఇలాంటి స్ప్రింగులే ఉంటాయి. గుడ్డను బయటికి లాగుతున్నకొద్దీ బిగుస్తాయి. అయితే షట్టర్‌లో స్ప్రింగు పైకి లాగుతుంటే రేకు బరువు కిందికి లాగుతుంది. రెండూ దాదాపు సరితూగుతాయి కాబట్టి సగంలో ఆపినా చాలావరకు అక్కడే ఆగుతుంది. ఆనింగులో అలా ఎదురు తూగే బరువు లేదు. గుడ్డా, గొట్టమూ కలిపినా స్ప్రింగుకు చాలవు. దాన్ని ఆపేది మీ చెయ్యి, లేదా గొట్టం చివరనున్న రాచెట్, అంటే గొట్టాన్ని ఒక్క వైపే తిరగనిచ్చే పళ్ళ చక్రం.

స్ప్రింగు ఎంత తిప్పితే అంత ఎదురు తిరుగుతుంది. ఈ నియమాన్ని ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు తారుమారు చేసి దాచిపెట్టి, 1678లో బయటపెట్టాడు. మన పాఠాల్లో మాత్రం స్ప్రింగును మేకుకు వేలాడదీసి, కింద బరువు కట్టి, అంతటితో వదిలేస్తారు. తిప్పే స్ప్రింగు సంగతి ఎవరూ చెప్పరు. నిజానికి ఇక్కడే చక్కటి తిరకాసు ఉంది. పెన్నులోని స్ప్రింగును నొక్కితే దాని తీగ మెలితిరుగుతుంది. ఆనింగులోని స్ప్రింగును మెలితిప్పితే దాని తీగ వంగుతుంది!

ఇప్పుడు లెక్క చూద్దాం. 8 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం మీది నుంచి 2.4 మీటర్ల గుడ్డ విప్పాలంటే గొట్టం సుమారు 9 చుట్లు తిరగాలి. ఫ్యాక్టరీలో ముందే 6 చుట్లు తిప్పి బిగించారనుకుందాం. మూసి ఉన్నప్పుడు 6, పూర్తిగా తెరిస్తే 15. తిప్పే బలం చుట్లతో పాటు పెరుగుతుంది కనుక రెండున్నర రెట్లవుతుంది. దాచుకున్న శక్తి చుట్ల వర్గంతో పెరుగుతుంది, అంటే ఆరు రెట్ల పైమాటే. తెరిచేటప్పుడు ఈ బలం మీ చేతికి కొంచెం కొంచెంగా తెలుస్తుంది. మూసేటప్పుడు మొదటి క్షణంలోనే మొత్తం మీద పడుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు ఇదే.

రాచెట్‌కు రెండు స్థానాలున్నాయి. ఒకదాంట్లో గొట్టం విప్పుకోగలదు, చుట్టుకోలేదు. రెండోదాంట్లో చుట్టుకోగలదు, విప్పుకోలేదు. తెరవాలంటే ముందు ఆనింగు చేతుల (గొట్టాన్ని రెండు పక్కలా మోసే కడ్డీల) వెనకున్న నాబ్‌లు వదులు చేసి, ప్రయాణంలో బిగించే లాకులు తీయాలి. తర్వాత రాచెట్ లీవర్‌ను విప్పే వైపు తిప్పి, ఆనింగును లాగడానికి ఉన్న నడిమి పట్టీకి కొక్కెం తగిలించి నెమ్మదిగా వెనక్కి నడవాలి. గుడ్డ మొత్తం వచ్చాక దాన్ని బిగువుగా ఉంచే అడ్డకమ్మీలను పైకి జరిపి బిగించి, అప్పుడు రెండు వైపులా ఎత్తు పెంచుకోవాలి. మూసేటప్పుడు ఒక్క పని మరవకూడదు. లీవర్ తిప్పకముందే పట్టీకి కొక్కెం తగిలించి గట్టిగా పట్టుకోవాలి. లీవర్ తిప్పిన క్షణం నుంచి ఆ టెన్షన్ అంతా మీ చేతిలో ఉంటుంది. దాన్ని ఆపుకుంటూ ట్రైలర్ వైపు నడవండి, వదిలేయకండి.

అమెరికాలోని గుళ్ళలో కూడా మనవాళ్ళు కొత్త బండికి పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. పెట్టుకోనివ్వండి. కానీ క్యాంపుగ్రౌండ్‌లో ఆనింగు తెరిచే ముందు ఆ చక్రాలకు గట్టి అడ్డు కూడా పెట్టాలి. అది నిమ్మకాయ చేసే పని కాదు.

ఇక గాలి. 16 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పున్న ఆనింగు అంటే దాదాపు 12 చదరపు మీటర్లు. గంటకు 20 మైళ్ళ గాలి దాన్ని సుమారు 60 కిలోల బరువుకు సమానమైన బలంతో ఎత్తగలదు. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు, అంటే 240 కిలోలు. పైగా ఇక్కడ గాలిని పక్కనే ఉన్న ట్రైలర్ గోడ అడ్డుకుంటుంది. గోడకు తగిలి ఆగిన గాలి తన వేగాన్ని పీడనంగా మార్చుకుని గుడ్డను కింది నుంచి తోస్తుంది. అరిజోనాలో జూలై, ఆగస్టు మధ్యాహ్నాల్లో ఉరుముల మేఘం ఎక్కడో దూరాన ఉండగానే దాని గాలి ముందుగా వచ్చి మీద పడుతుంది. అందుకే పడుకునేటప్పుడు, బయటికి వెళ్ళేటప్పుడు ఆనింగు మూసేయాలి.

వాన లెక్క ఇంకా తేలిక. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే లీటరు నీళ్ళు. 10 మిల్లీమీటర్ల వాన పడి, నీళ్ళు జారకుండా గుడ్డ మీదే నిలిస్తే 120 కిలోలు. ఒక వైపు చేతిని కిందికి దించి ఉంచితే నీళ్ళు అటు జారిపోతాయి.

బటన్ నొక్కే ఎలక్ట్రిక్ ఆనింగుల్లో కథ తిరగబడుతుంది. చాలావాటిలో ఆనింగు చేతుల్లోని గ్యాస్ స్ట్రట్‌లు (లోపల బిగించిన వాయువుతో తోసే కడ్డీలు) బయటికి తోస్తుంటే, 12 వోల్టుల మోటారు లోపలికి చుడుతుంది.

రెండో ప్రశ్నకు జవాబు మన లెక్కలోనే ఉంది. మూసి ఉన్నా ఆ 6 చుట్లు అలాగే ఉన్నాయి, పూర్తి శక్తిలో దాదాపు ఆరో వంతు. స్ప్రింగు తిరగకుండా పిన్నుతో బంధించకుండా మూత స్క్రూలు తీస్తే, ఆ మూత మీ వేళ్ళ మధ్యే గిర్రున తిరుగుతుంది. ఆ పని ఇలాంటి ట్రైలర్లు బాగుచేసే ఆర్‌వీ మెకానిక్‌కు వదిలేయండి. పూర్తిగా తెరిచినా గుడ్డ వదులుగా వేలాడుతోందా, స్ప్రింగు బలం తగ్గిందా అని కూడా అతణ్ణే చూడమనండి.